గోడవార తవ్విన నేల

వెంకటరాజు బండి ఇవ్వలేదు కాబట్టే సిద్ధమ్మ చచ్చిపోయింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగిన మొదటి వారంలోనే ఆమెకు ఆయాసం ముదిరింది. కంపెనీ పికప్ తాళాలు వెంకటరాజు జేబులో ఉన్నాయి. పెట్రోలు క్యాంపు అవసరాలకు దాచాలన్నాడు. గంగాధర తన పెళ్లాన్ని కూరగాయల తోపుడుబండి మీద పడుకోబెట్టి ఫహాహీల్ రోడ్డు వెంబడి ఆసుపత్రికి బయలుదేరాడు. సగం దారిలో ఆమె ఊపిరి ఆగింది. మిగతా సగం ఎందుకు తోశాడో అతనికే తెలియదు.

అందుకే, నెలన్నర తర్వాత ఒక బుధవారం మధ్యాహ్నం వెంకటరాజు వచ్చి గది తలుపు తట్టినప్పుడు గంగాధర మంచం మీంచి లేవలేదు.

"మీతో పని పడిందండి గంగాధర గారూ," అన్నాడు వెంకటరాజు గుమ్మంలోనే నిలబడి. కోనసీమ మనిషి. అహ్మదిలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో కూలీల హాజరు చూసేవాడు. పైవాళ్లంతా దేశం విడిచి పోయాక తెలుగువాళ్ల క్యాంపుకు పెద్ద తనే అయ్యాడు. "మీరు ఊళ్లో పోలీసు ఉద్యోగం చేశారు కదండి."

"హెడ్ కానిస్టేబులు. ఇప్పుడు వాచ్‌మన్. ఏంది సంగతి?"

"ఫెరెన్స్ పోయాడండి. నిన్న సాయంత్రం. పెరట్లో తల పగిలి పడున్నాడు."

ఫెరెన్స్‌ని ఎరగనివాళ్లు లేరు. హంగేరీ దేశస్థుడు, పంపులు బాగుచేసే మనిషి. యాభై దాటినవాడు. ఫహాహీల్‌లో చిన్న ఇల్లు తీసుకుని ఒంటరిగా ఉండేవాడు. రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చిన కళావతి ఆ ఇంట్లో వంటా పనీ చూసేది.

"శవాన్ని మిలిటరీ వాళ్లు పట్టుకెళ్లారండి. హంగేరీ వాళ్లతో తగువు తెచ్చుకోవడం వాళ్లకిష్టం లేదంట. చేసినోళ్లెవరో పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు అయ్యేసరికి చూపించమన్నాడు వాళ్ల లెఫ్టినెంటు. చూపించకపోతే రేపు పొద్దున్న మనల్ని ఊరికి చేర్చే బస్సు చెక్‌పోస్టు దాటదండి."

"నువ్వెవర్ని చూపిస్తాండావు?"

"ఇంట్లో ఉన్నది ఆ పిల్లొక్కత్తే కదండి."

"తేలిపాయ. ఇంక నాతో ఏం పని?"

"మీ సీమోళ్లు ఒప్పుకోవట్లేదండి. మీరు చూసి చెబితే ఒప్పుకుంటామన్నారు. బస్సులో చంటిబిడ్డల తల్లులున్నారు. ఒక్క మనిషి కోసం అంతమందినీ…"

"ఒక్క మనిషి కోసం పెట్రోలు పొయ్యలేం. తెలుసులే."

వెంకటరాజు మొహం తిప్పుకున్నాడు. "ఆ మాట ఎన్నాళ్లంటారండి?"

"నోరున్నన్నాళ్లు. నడువు."

కళావతి వంటింట్లో పొయ్యి పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గంగాధరని చూసి కొంగు సర్దుకుంది. గంగాధర పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఎప్పుడు పడినాడు?"

"మగ్రిబ్‌కి ముందన్నా. నేను లోపల రొట్టెలు చేస్తాండా. దబ్బుమని చప్పుడైంది. పోయి చూస్తే పడిండె."

"ఎట్ల పడినాడు?"

"తాగిండె. తాగి పాటలు పాడుకుంటా, తూలి గోడకు కొట్టుకున్యాడు."

"దినామూ తాగుతాడా?"

"ఊ."

"దినామూ పాడతాడా?"

"ఊ."

"సీసాలు యాడ?"

కళావతి చూపు నేలకు దిగింది. "పారేస్తిని."

"ఈ దేశంలో మందు ముందే దొరకదు. ఇప్పుడు రొట్టెకే వరసలో నిలబడాల. ఆయప్పకు దినామూ ఎవరు తెచ్చిచ్చినారు? నువ్వా?"

గంగాధర బల్ల మీది గ్లాసు తీసి వాసన చూశాడు. టీ. పక్కనున్న ఇంకో గ్లాసూ చూశాడు. అదీ టీయే.

"పొద్దున తిన్యావా?"

"యాడ తింటానన్నా! ముద్ద దిగుతాదా?"

"మరి ఆ గిన్నె?"

తొట్టి పక్కన అన్నం గిన్నె, పప్పు గిన్నె ఖాళీగా ఉన్నాయి. పప్పు గిన్నె అంచున పోపులో ఆవాలు ఇంకా ఆరలేదు. ఒక మనిషి చచ్చిపోయి, ఇంకొక మనిషి పస్తున్న ఇంట్లో రెండు గిన్నెలు ఖాళీ అయ్యాయి.

"కుక్కకేస్తిని."

"కుక్కకు పోపు పెట్టి ఏస్తావా?"

వెంకటరాజు గుమ్మంలోంచి పకపకా నవ్వాడు. "చూశారాండీ? మాట మాటకీ అబద్ధం. నేను చెప్పలేదూ?"

"అబద్ధం చెప్పినోళ్లంతా చంపినోళ్లయితే నీకు ఉరితాడు దొరకదు, అందరూ ముందే వాడేసుంటారు," అన్నాడు గంగాధర. పెరట్లోకి నడిచాడు.

పెరడు నాలుగు మంచాలు పట్టేంత. సిమెంటు ఇటికల గోడ మనిషి కన్నా ఎత్తు. గోడ మీద గాజు పెంకులు. అవతల ఒక కువైటీ మేడ. యుద్ధం మొదలైన రోజే ఆ ఇంటివాళ్లు సౌదీకి పోయారు. సైనికులు వెతికి, ఖాళీ ఇల్లని గేటు మీద రంగుతో గుర్తు వేసి వెళ్లారు.

నేలంతా ఇసుక గట్టిపడి రాయిలా ఉంది. గోడ మొదట్లో మాత్రం, ఈ మూల నుంచి ఆ మూల దాకా, జానెడు వెడల్పున మట్టి తవ్వి గుల్లగా ఉంది. ఒక్కసారి తవ్వింది కాదు. తవ్విందే మళ్లీ మళ్లీ తవ్వినట్టు పిండిలా అయింది. పార గోడకానించి ఉంది. గంగాధర వంగి గుప్పెడు మట్టి తీశాడు. తడి లేదు. గింజ లేదు. మొక్క లేదు. కుళాయి అవతలి మూలన ఉంది, దానికి పైపు కూడా తగిలించలేదు.

గంగాధర వేరుశనగ చేలల్లో పుట్టినవాడు. చినుకు పడకుండా దినామూ నేల తవ్వేవాడు పిచ్చివాడన్నా కావాలి, తవ్వడం సాకుగా పెట్టుకున్నవాడన్నా కావాలి. ఫెరెన్స్ పిచ్చివాడు కాదు.

గుల్ల మట్టిలో ఒకచోట గుండ్రటి ముద్ర దిగి ఉంది. నూనె డ్రమ్ము అడుగు. డ్రమ్ము ఇప్పుడు గేటు దగ్గరుంది. దాని అంచుకి అదే పిండి మట్టి. ముద్రకు సరిగ్గా పైన, గోడ మీద గాజు పెంకుల్ని సుత్తితో కొట్టి చదును చేశారు. అక్కడే ఒక ఇటిక లేదు. రక్తం మరక గోడకు బారెడు దూరాన ఉంది. గోడకు ఒక్క చుక్క కూడా అంటలేదు.

తూలి గోడకు కొట్టుకున్నవాడు గోడ మొదట్లో పడతాడు. బారెడు ఇవతల వెల్లకిలా పడేవాడు ఎత్తు నుంచి పడతాడు.

"ఏం తేలిందండి?" వెంకటరాజు మెట్టు మీద కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"నేల తవ్వినారు. తడి లేదు."

"అదా మీరు కనిపెట్టింది? మధ్యాహ్నం అస్రు నమాజు కూడా దాటిపోయిందండి. ఇక్కడ వ్యవసాయం గురించి ఎవడిక్కావాలి?"

"నీకు అక్కరలేనివి చానా ఉండాయి. పోయి నీ లెఫ్టినెంటును పిలుచుకుని రా. అంతలోపల చెప్తా."

వెంకటరాజు లేచి పంచె దులుపుకున్నాడు. "మీరేం చెప్పినా, చెప్పకపోయినా, మగ్రిబ్‌కి ఆ పిల్లని అప్పగించేస్తానండి. నన్ను పాపాత్ముడనుకోండి. బస్సు కదలడం నాకు ముఖ్యం." వెళ్లిపోయాడు. ఆ మాటలో అబద్ధం లేదని గంగాధరకి తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

పోయిన ఇటిక వంటింట్లోనే దొరికింది. గ్యాస్ సిలిండరు కింద పీటలా పెట్టి ఉంది. మూడు వైపులా ఎండకు నల్లబారింది, ఒక వైపు కొత్తగా విరిగి తెల్లగా ఉంది. తిరగేస్తే గాజు మొలకలు. దాన్ని తెచ్చి కళావతి ముందు పెట్టాడు.

"గోడ అవతల ఎవరుండారు?"

కళావతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్తే చంపుతారన్నా. రేడియోలో చెప్పినారు, దాచిపెట్టినోళ్లను ఉరితీస్తామని."

"చెప్పకపోతే నిన్ను చంపుతారు."

"నన్నొక్కదాన్నే కదన్నా!"

గంగాధర ఇటికను పక్కకి జరిపాడు. గొంతు తగ్గించి అడిగాడు. "సరే. వాళ్ల సంగతి వద్దు. ఆయప్ప పాట ఎందుకు పాడతాడో అది చెప్పు."

అదైతే చెప్పింది. ఒకసారి మొదలుపెట్టాక ఆపలేకపోయింది. ఈ ఇంట్లో సాయంత్రాలు ఆమెతో మాట్లాడిన మనిషి ఫెరెన్స్ ఒక్కడే. సగం అరబ్బీ, సగం హిందీ, మిగిలింది చేతులు. అతను చెప్పిందల్లా తన ఊరే.

హతార్‌కూట్ అని, హంగేరీ సరిహద్దులో చిన్న పల్లె. "నా నోరు తిరగక అత్తారికోట అంటాంటి. ఆయప్ప పడీపడీ నవ్వేటోడు." ఒకప్పుడు అదంతా ఒకే ఊరు. ఒక చర్చి, ఒక పిండిమర, ఒక శ్మశానం. వాళ్ల తాతల కాలంలో పెద్ద యుద్ధం ఓడిపోయాక దొరలెవరో దూరాన కూర్చుని గీత గీశారు. గీత ఊరి నడిమధ్య వీధిలో పడింది. చర్చి ఇటు, శ్మశానం అటు. మొదట్లో చీటీ చూపిస్తే పోనిచ్చేవాళ్లు. పీనుగుకి కూడా చీటీ ఉండాలి. రెండో యుద్ధం అయ్యాక జర్మన్ మాట్లాడే ఇళ్లన్నీ ఖాళీ చేయించి, మూట ఒక్కటి చేతికిచ్చి రైలు పెట్టెల్లో ఎక్కించారు. ఫెరెన్స్ పక్కింటి వడ్రంగి తన బాడిసె చెట్టు తొర్రలో దాచిపెట్టి, మళ్లీ వస్తానని పోయాడు. రాలేదు. ఆ ఇళ్లల్లోకి ఎవరెవరో వచ్చారు. పొయ్యి ఎక్కడుందో తెలియని వాళ్లు.

తర్వాత ఆ పక్క దేశం యుగోస్లావియాతో చెడింది. ముళ్లకంచె వేశారు. కంచె పొడవునా నేలలో బాంబులు పాతారు. బాతులు పోయి తొక్కి చచ్చేవి. కంచెకి అవతల ఫెరెన్స్ పెద్దమ్మ ఇల్లు. వాకిట్లో నిలబడితే ఆమె తల దువ్వుకోవడం కనిపిస్తుంది. మాట్లాడితే మాత్రం జైలు.

"మా ఊళ్లో కంచె కనపడదు, అంతే," అన్నాడు గంగాధర. ముఠా తగాదాల పల్లెలో పెరిగినవాడు. "ఊ. ఆమీట?"

"ఆమీట ఆడోళ్లు ఉపాయం కనిపెట్టిరంట అన్నా. పార తీసుకుని కంచెవార మట్టి తవ్వుతా, తమలో తాము పాడుకున్నట్ల పాడేది. చిన్నపిల్ల పుట్టిందని, ఆవు ఈనిందని, మాయన్నకు జరమని. అవతల ఇంకొకామె తవ్వుతా పాడేది. పాడితే తప్పు కాదు కదా. కాపలా సిపాయి ఒకడుండెనంట, అన్నీ తెలిసినోడే. ఆకాశంలోకి చూస్తా సిగరెట్టు తాగుతాండెనంట. వాళ్ల నాయన చచ్చినప్పుడు అవతలి పక్కకి పాడింది ఈయప్పే. పదేండ్ల పిల్లోడు."

గంగాధర పెరటి వైపు చూశాడు. గోడవార పిండిలాంటి మట్టి.

"అవతల ఉండేది ఆ పెద్దమ్మ మనుషులా?"

కళావతి తలూపింది. ఆ పెద్దమ్మ కూతురు. పేరు ఎర్జి. నర్సు. ఆమె మొగుడు ఇంగ్లీషువాడు. సైనికులు ఇంగ్లీషువాళ్లను ఏరి పట్టుకుపోతున్నారు. బాంబులు పడొచ్చనుకునే చోట్ల అడ్డుగోడల్లా నిలబెడుతున్నారని అందరూ చెప్పుకుంటున్నారు. మేడ వెతికి గుర్తు వేసిన మర్నాడే ఫెరెన్స్ వాళ్లిద్దర్నీ అందులోకి చేర్చాడు. సాయంత్రం పార పట్టుకుని పాడితే అవతల తెలిసిపోయేది, సైనికులు ఏ వీధిలో ఉన్నారో, ఎప్పుడు దాక్కోవాలో. వీధిలో పోయేవాళ్లకు తాగుబోతు పాట. నిన్న నీళ్ల క్యాను అందించడానికి డ్రమ్ము ఎక్కాడు. ఊతానికి పట్టుకున్న ఇటిక ఊడి చేతికొచ్చింది.

"ఆయమ్మ చూసిందా?"

"చూసింది. గోడెక్కి దూకబోతే నేనే చేతులెత్తి మొక్కి పొమ్మంటి. పొద్దున అన్నం తీసుకున్యారు. ఏడ్చిన చప్పుడు కూడా లేదు."

"చచ్చినోళ్లకు పాడతారంటివే."

"పాడకుండా మట్టి పెట్టరంట. ఈ పక్కోళ్లు పోతే ఆ పక్కోళ్లు పాడాల, మరుసటి దినం పొద్దు గూకేటప్పుడు. జైలుకు పోయినా పాడాల్సిందే అని…" కళావతి ఆగిపోయింది. బయట మగ్రిబ్ అజాన్ మొదలైంది.

గేటు దగ్గర బూట్ల చప్పుడు. ఇద్దరూ పెరట్లోకి వచ్చారు.

లెఫ్టినెంటు కుర్రవాడు. నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వెనక ఒక సైనికుడు, పక్కన వెంకటరాజు. "ఎవరు?" అన్నాడు ఒక్క మాట.

గంగాధర ఇటిక చూపించాడు, డ్రమ్ము చూపించాడు. వచ్చీరాని అరబ్బీలో, రానిచోట వెంకటరాజు చేత చెప్పించి, జరిగింది చెప్పాడు. గోడ మీది ఇటిక వదులైంది, డ్రమ్మెక్కి సరిచేయబోయి పడ్డాడు. ఎవరూ చంపలేదు.

"మీ మనిషి పిచ్చోడా?" లెఫ్టినెంటు నవ్వాడు. "యుద్ధంలో పక్కింటి గోడ బాగుచేసేవాడు ఉంటాడా? అవతల ఏముంది?"

"ఖాళీ ఇల్లు. మీరే వెతికినారు."

లెఫ్టినెంటు డ్రమ్మును బూటుతో దొర్లించుకుంటూ గోడ దాకా తెచ్చి నిలబెట్టాడు. ఒక కాలు దాని మీద పెట్టాడు.

అప్పుడు వినిపించింది. గోడ అవతల్నుంచి సన్నటి ఆడగొంతు. మాటలు తెలియవు. ఏడుపు కాదు, కానీ ఏడుపుకే పుట్టిన పాట.

లెఫ్టినెంటు తల తిప్పాడు. "మీన్? ఎవరది?"

గంగాధర పెదవులు కదలకుండా తెలుగులో అన్నాడు. "ఏడువు."

"అన్నా?"

"మీయమ్మ చచ్చినప్పుడు ఏడ్చినట్ల ఏడువు. నోరు తెరువుమే!"

కళావతి జుట్టు ముడి లాగేసుకుని, తవ్విన మట్టి మీద బోర్లా పడి, గుండెలు బాదుకుంటూ గొంతెత్తింది.

"ఓ నా సామీ… దేశం కాని దేశంలో నాకు దిక్కయితివే సామీ! ముద్ద నువ్వు తినకముందు నాకు పెడితివే సామీ! తలకాడ దీపం పెట్టే బిడ్డ లేకపాయనే సామీ! నీ ఊరు ఎవరికి చెప్పుకుంటివి, ఇంక నాకెవరు చెప్తారు సామీ!"

రాయలసీమ పల్లెల్లో శవం దగ్గర శోకం పెట్టే ఆడవాళ్ల గొంతు ఊరి బయటికి వినిపిస్తుంది. ఆ ఇరుకు పెరట్లో అది నాలుగు గోడలకీ తగిలి మళ్లీ మళ్లీ లేచింది. అవతలి పాట ఎక్కడ మొదలైందో, ఇవతలి ఏడుపు ఎక్కడ ఆగిందో చెప్పడం ఎవరి వల్లా కాదు. సైనికుడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వాడి ఊళ్లోనూ ఆడవాళ్లు అలాగే ఏడుస్తారేమో.

లెఫ్టినెంటు కాలు డ్రమ్ము మీంచి దిగింది. మట్టిలో పొర్లుతున్న కళావతి వంక చూడలేక గేటు వంక చూశాడు.

"ఇట్లా ఏడ్చేది చంపుతుందా?" అన్నాడు వెంకటరాజుతో. "పడి చచ్చాడు. ఖలాస్. రేపు మీ బస్సు పోవచ్చు."

బూట్ల చప్పుడు వీధి మలుపు తిరిగింది. కళావతి ఏడుపు ఆపలేదు. ఇప్పుడది ఆపమంటే ఆగే ఏడుపు కాదు. అవతలి గొంతు కూడా ఆగలేదు. దగ్గరగా నిలబడిన గంగాధరకి ఇప్పుడు రెండూ వేరువేరుగా వినిపించాయి. సిద్ధమ్మకి ఇలా ఏడ్చినవాళ్లు లేరు. తోపుడుబండి దగ్గర అతనొక్కడే ఉన్నాడు, మగవాడికి ఆ పాట రాదు.

"రెండు గొంతులండి," అన్నాడు వెంకటరాజు మెల్లిగా.

"ఒకటే."

"నేను చెవిటోణ్ణి కాదండి గంగాధర గారూ."

"అయితే పోయి చెప్పు. ఇంకా సందు చివరనే ఉంటారు."

వెంకటరాజు గోడ వంక చూశాడు, గేటు వంక చూశాడు. కదల్లేదు. మెట్టు మీద కూలబడి జేబులో రుమాలు వెతుక్కున్నాడు. "మీరు నన్ననుకున్నంత…"

"నేనేం అనుకున్యానో అది మారదు," అన్నాడు గంగాధర.

మర్నాడు పొద్దున ఫహాహీల్ బజారు దగ్గర బస్సు నిలబడి ఉంది. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కణ్ణుంచి అమ్మాన్, అక్కడ విమానం. మూటలు పైకెక్కాయి. పిల్లలు ఏడుస్తున్నారు. ఊరంతా మళ్లీ ఇల్లిల్లూ వెతుకుతారని, ఈసారి గుర్తు వేసిన ఇళ్లు కూడా వదలరని ఎవరో వార్త తెచ్చారు. బస్సు డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు.

గంగాధర మూట లేకుండా వచ్చాడు. కిటికీ దగ్గర కళావతి కూర్చుంది. రోడ్డు మీది మనిషిని చూడగానే ఆమెకి అర్థమైంది. కిటికీలోంచి బాగా వంగింది.

"అన్నా, ఆయమ్మకు కారం సయించదు. పప్పులో ఒక్క మిరపకాయే ఎయ్యి. ఆయమ్మ మొగుడు మాత్రం ఏం పెట్టినా తింటాడు."

"తల లోపల పెట్టుకో."

"నీకు వాళ్ల పాట రాదే అన్నా, ఎట్ల చెప్తావు?"

ఆమె అన్నది నిజమే. గంగాధరకి పాట రాదు, ఆ భాషలో మంచినీళ్లని ఏమంటారో తెలియదు.

వెంకటరాజు మెట్టు మీంచి దిగి దగ్గరికి వచ్చాడు. కళావతి మాటలు అతనూ విన్నాడు. "సీటు ఉంచానండి మీకు. ఇదే ఆఖరి బస్సు కావచ్చు. మళ్లీ దారి దొరక్కపోవచ్చు."

"ఎవరికన్నా ఇయ్యి."

"దేనికుండిపోతున్నారో నాకు తెలుసండి. నాక్కూడా చెప్పరా? ఊరెళ్లాక ఎవరైనా అడిగితే…"

"ఏమీ తెలీదు నీకు." గంగాధర వెనక్కి తిరిగి రెండడుగులు వేసి ఆగాడు. "ఆ ఇంట్లో నిన్న ఏం జరిగిందో నన్నెవరూ అడగొద్దు. నువ్వడిగినా అంతే. రేపు వాళ్లు నన్ను కట్టేసి గోళ్లు పీకి అడిగినా అంతే. ఆ సంగతి ఇంక ఈ జన్మలో నా నోట రాదు."